చూపు తగ్గినా వెలుగు తగ్గని ఫిడేలు నాయుడుగారు

మీ ఇంట్లో అరవై దాటిన పెద్దలు ఉంటే ఈ వారం ఒక చిన్న సంగతి గమనించండి. దినపత్రిక చేతిలోకి తీసుకుని పెద్ద అక్షరాల శీర్షికలు మాత్రం చూసి పక్కన పెట్టేస్తున్నారా? ఆదివారం పూజలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటున్నారే గాని పేజీ తిప్పడం లేదా? పొద్దు గూకితే గడప దిగడానికి వెనుకాడుతున్నారా? ఎదురుగా వచ్చినవారు పలకరించేదాకా ఎవరో పోల్చుకోలేకపోతున్నారా? అడిగి చూడండి. ఏమీ లేదంటారు. వయసు మీద పడిందిగదా, ఇక చదివి ఏం చేయాలి అంటారు. ఆ మాట వెనుక రెండు సంగతులు దాగి ఉంటాయి. ఒకటి, చూపు తగ్గిపోతున్నదన్న భయం. రెండోది, ఆ సంగతి చెబితే పిల్లలకు భారమవుతామేమోనన్న బిడియం. చాలా ఇళ్ళలో కంటికన్న ముందు మూతపడేది నోరే.

అందుకే ఈ వారం మన విజయనగరానికి చెందిన ఒక మహానుభావుని జీవితాన్ని మీ ముందు ఉంచుతున్నాను. ఆయన మన మతస్థుడు కాడు. ఆయన జీవితం మాత్రం మన ప్రతి ఇంటికీ అవసరమైన పాఠం చెబుతుంది. ఆయన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. తెలుగువారు ప్రేమగా ఫిడేలు నాయుడుగారు అని పిలుచుకున్న సంగీత విద్వాంసుడు.

బడి ఆగిపోయిన కుర్రవాడు

నాయుడుగారు 1893 నవంబరు 8న బెంగుళూరులో జన్మించారు. తండ్రి వెంకటరాయుడుగారు సైన్యంలో పనిచేసినవారు. కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడడంతో పిల్లవాడు అక్కడే పెరిగాడు. చిన్ననాటినుండే అతనికి చూపు సరిగా ఆనేది కాదు. బడిలో పలకమీదిది, బల్లమీదిది చదవలేని పిల్లవానికి ఆ రోజుల్లో చదువెలా సాగుతుంది? మధ్యలోనే ఆగిపోయింది.

ఇక్కడ మనం ఒక్క నిమిషం ఆగాలి. వందేళ్ళ పైమాట అది. కంటి వైద్యుడు పట్టణంలో కూడా అరుదు. చూపు తక్కువైన పిల్లవాడంటే లోకం దృష్టిలో దేనికీ పనికిరానివాడు. పెట్టింది తిని అరుగుమీద కూర్చోవలసినవాడు. వెంకటస్వామి జీవితం కూడా ఆ అరుగుమీదే ముగిసిపోయి ఉండవచ్చు. అలా ముగియకపోవడానికి కారణం అతని అన్న వెంకటకృష్ణయ్యగారు. ఆయనకు ఫిడేలు వాయించడం తెలుసు. తమ్ముని చేతిలో ఆ వాద్యం పెట్టి, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిన తొలి గురువు ఆయనే.

అన్న చేసిన పని పైకి చిన్నదే. తమ్మునికి ఆయన చూపు తెప్పించలేకపోయారు. తమ్మునికి లేనిదాన్ని తలచుకుని వగస్తూ కూర్చోలేదు. తమ్మునికి ఉన్నదేమిటో చూశారు. వినే చెవి ఉంది. తడిమి తెలుసుకునే వేళ్ళున్నాయి. విన్నదాన్ని నిలుపుకునే జ్ఞాపకం ఉంది. ఆ మూడింటికీ సరిపోయే పని చూపించారు.

ఫిడేలు గురించి తెలియనివారికి ఒక మాట చెప్పాలి. వీణమీద మెట్లుంటాయి. ఏ స్వరం ఎక్కడుందో ఆ మెట్లు చూపిస్తాయి. ఫిడేలుకు మెట్లు లేవు. నాలుగు తంత్రులు, నున్నని పలక, అంతే. కంటితో చూసి స్వరస్థానం పట్టుకోవడం కళ్ళున్నవారికీ సాధ్యం కాదు. వేలు వెంట్రుకవాసి జరిగితే శ్రుతి తప్పుతుంది. తప్పిందని చెప్పవలసినది చెవే, సరిచేయవలసినది వేలే. మన దేశంలో ఈ వాద్యాన్ని నేలమీద కూర్చుని, ఒక చివర గుండెకు ఆనించి, మరో చివర కుడికాలి చీలమండమీద నిలిపి వాయిస్తారు. వాద్యం మొత్తం శరీరానికి తగిలే ఉంటుంది. పాఠం చెప్పే పద్ధతి కూడా అలాంటిదే. గురువు పాడతాడు, శిష్యుడు విని వాయిస్తాడు. చూపు లేనందువల్ల పాఠశాల తలుపు మూసుకుపోయిన పిల్లవానికి ఈ విద్య తలుపు తెరిచే ఉంచింది.

తత్వశాస్త్రం చదివినవారికి అరిస్టాటిల్ చెప్పిన ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. ఇంద్రియాలన్నిటిలో మనిషి ఎక్కువగా ప్రేమించేది చూపునే అని ఆయన ఒకచోట రాశాడు. ఇంకొకచోట మాత్రం, మాటను మోసుకొచ్చేది చెవి గనుక జ్ఞానం పెరగడానికి వినికిడి చేసే సాయం ఎక్కువని అన్నాడు. పుట్టు గుడ్డివారు పుట్టు చెవిటివారికన్న వివేకంలో ముందుంటారని కూడా తన కాలపు అనుభవాన్నిబట్టి రాశాడు. ఆ పోలిక నేటి మనకు అంతగా ఒప్పుదల కాకపోవచ్చు. చెవిటివారికి సైగల భాషతో ఎంత చదువు చెప్పవచ్చునో లోకం తరువాత తెలుసుకుంది. కాని చూపు ఒక్కటే తెలివికి ద్వారం కాదన్న మాట నిజం.

ఒక అంధ బాలుని కోసం వెలసిన కళాశాల

విజయనగరం సంగీత కళాశాల పుట్టుక వెనుక కూడా చూపులేని ఒక పిల్లవాడున్నాడు. మహారాజా పూసపాటి విజయరామ గజపతిరాజుగారి కొలువులో చాగంటి జోగారావుగారు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడు గంగరాజు అంధుడు. సంగీతమంటే ఆ పిల్లవానికి ఎంతో ఆసక్తి. అతనికి సంగీతం నేర్పే ఏర్పాటు చేయాలన్న ఆలోచనే పెరిగి, 1919లో ఒక సంగీత పాఠశాలగా రూపుదిద్దుకున్నదని చెబుతారు. ఒక్క పిల్లవాని కోసం తలపెట్టిన మేలు వేలమందికి అందింది. దానికి తొలి అధ్యక్షులుగా హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు నియమితులయ్యారు.

ఆ సంవత్సరమే మన నాయుడుగారు విజయనగరం వచ్చారు. ఆయన విద్యార్థిగా చేరదామని వచ్చారనీ, ఆయన వాయించగా విన్న పెద్దలు ఇతడు నేర్చుకోవలసినవాడు కాదు, నేర్పవలసినవాడు అని గుర్తించి ఆచార్యునిగానే నియమించారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏమైనా, తన ఇరవై ఆరో యేట ఆయన ఆ కళాశాలలో ఫిడేలు ఆచార్యులయ్యారు. బడి చదువు పూర్తికాని మనిషి కళాశాలలో ఆచార్యుడు! కంటితో చదవలేనివాడని లోకం పక్కన పెట్టిన మనిషి దగ్గరికి కళ్ళున్న పిల్లలు వచ్చి పాఠం చెప్పించుకున్నారు.

1936లో నారాయణదాసుగారి తరువాత నాయుడుగారే ఆ కళాశాలకు అధ్యక్షులయ్యారు. ఆ రోజుల్లోనే కృష్ణాజిల్లానుండి సంగీతం నేర్చుకోవాలని చేతిలో పైసా లేకుండా విజయనగరం చేరిన పేద కుర్రవాడు ఒకడు అక్కడ చదువుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రిగారు అతనికి గురువు. ఆ కుర్రవాడే తరువాత తెలుగువారి ప్రతి ఇంటిలో వినిపించిన ఘంటసాల వేంకటేశ్వరరావు.

పక్కవాద్యం ప్రధాన వాద్యమైన వేళ

దక్షిణాది కచేరీలలో ఫిడేలు స్థానం గాయకుని పక్కన. గాయకుడు ఒక సంగతి పాడితే ఫిడేలు దాన్ని అనుసరించాలి. పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో బాలుస్వామి దీక్షితులువంటి వారు పాశ్చాత్యుల వాద్యమైన వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చిన దగ్గరనుండి అది ఎక్కువగా తోడువాద్యమే. నాయుడుగారు ఎందరో పెద్ద విద్వాంసులకు పక్కవాద్యం వాయించారు. అయితే గాత్రం తోడు లేకుండా ఫిడేలు ఒక్కటే నిండు కచేరీని నిలబెట్టగలదని నిరూపించినవారిలో ఆయన అగ్రగణ్యులు. ఆయన సోలో కచేరీ 1938లో వేలూరులో జరిగింది. అప్పటికి ఆయన వయసు నలభై నాలుగు. కళ్ళు బాగున్నవారికి కూడా చత్వారం వచ్చే వయసు. అలాంటి వయసులో ఆయన కొత్త దారి తొక్కారు.

ఆయన వాదనంలో విన్నవారు మెచ్చుకున్నది మృదుత్వం. కమాను తంత్రిమీద ఎంత ఒత్తాలో, ఎక్కడ తేలికగా వదలాలో ఆయనకు తెలిసినట్టు కొద్దిమందికే తెలుసునని చెప్పేవారు. పాశ్చాత్యులు కమాను పట్టే తీరును కూడా ఆయన శ్రద్ధగా గమనించి, మన రాగానికి తగినంత మేరకు స్వీకరించారు. 1952లో జగద్విఖ్యాత వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశానికి వచ్చినప్పుడు మద్రాసులో నాయుడుగారి వాదనం విని ఎంతో ప్రశంసించాడు.

గౌరవాలు వాటంతట అవే వచ్చాయి. 1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1950లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణతో సత్కరించింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. తేదీలు చూడండి. ఇవన్నీ నలభై ఏడు నుండి అరవై నాలుగు ఏళ్ళ మధ్య వచ్చినవి. మామూలు మనిషి ఇక నా పని అయిపోయిందని అనుకునే కాలం అది. నాయుడుగారికి అది పంటకాలమైంది.

ఆయన ఇంటిలోనే విద్య కొనసాగింది. కుమారుడు భావనారాయణరావుగారు, కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు చేపట్టారు. తండ్రి చూపు తక్కువని ఆ పిల్లలు ఆయనను మూల కూర్చోబెట్టలేదు. ఆయన వద్దనే కూర్చుని నేర్చుకున్నారు. 1964 నవంబరు 25న, డెబ్బై ఒక్క ఏళ్ళ వయసులో ఆయన కన్నుమూశారు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1993లో భారత తపాలాశాఖ ఆయన పేర ఒక బిళ్ళ విడుదల చేసింది. విజయనగరంలో ఆ సంగీత కళాశాల నేటికీ నడుస్తున్నది. అటువైపు వెళ్ళినప్పుడు మీ పిల్లలకు దాన్ని చూపించండి. అది ఎవరి కోసం మొదలైందో, అక్కడ ఎవరు పాఠం చెప్పారో చెప్పండి.

మన కాలపు అదృష్టం

ప్రియ పాఠకులారా, ఈ జీవితంనుండి తప్పుడు పాఠం నేర్చుకోకూడదు. నాయుడుగారు చూపు లేకుండానే అంత సాధించారు గనుక కళ్ళ సంగతి పట్టించుకోనక్కరలేదని ఎవరూ అనుకోవద్దు. ఆయన చిన్ననాట ఉపాయం లేదు. నేడు ఉంది. ఉన్న ఉపాయాన్ని వాడుకోకపోవడం సహనం కాదు, అశ్రద్ధ.

పూర్వం కంటికి శస్త్రచికిత్స అంటే ప్రాణాలమీదికి తెచ్చుకోవడమే. జర్మనీ దేశపు గొప్ప సంగీతకారుడు బాక్‌కు ముసలితనంలో చూపు తగ్గితే, 1750లో జాన్ టేలర్ అనే ఆంగ్ల వైద్యుడు రెండుసార్లు కంటికి కత్తి పెట్టాడు. చూపు రాలేదు. కొద్ది నెలలకే ఆయన మరణించాడు. అదే కాలపు మరో మహా సంగీతకారుడు హాండెల్‌కు 1751లో ఒక రచన మధ్యలో ఎడమకన్ను మసకబారి కలం పక్కన పెట్టవలసి వచ్చింది. తరువాత రెండు కళ్ళూ పోయాయి. ఆయన మాత్రం జ్ఞాపకంమీద ఆర్గాన్ వాయిస్తూనే ఉన్నాడు. 1759లో చనిపోయేవరకు సంగీతాన్ని విడువలేదు. ఆ రోజుల్లో శుక్లానికి ఎక్కువగా చేసే చికిత్స, సూదితో ఆ మసకబారిన కటకాన్ని కంటిలోపలికి తోసివేయడం. మన దేశంలోనూ పూర్వం అదే పద్ధతి ఉండేది. 1949లో లండన్‌లో హెరాల్డ్ రిడ్లీ అనే వైద్యుడు తొలిసారిగా కంటిలో కృత్రిమ కటకం అమర్చాడు. నేడు శుక్లం తీసి కటకం పెట్టడం సాధారణంగా అరగంట కూడా పట్టని పని. చాలామంది ఆ రోజే ఇంటికి వెళ్ళిపోతారు. బాక్‌కు, హాండెల్‌కు దొరకని భాగ్యం పాలకొండలో, సాలూరులో, టెక్కలిలో ఉన్న మన అవ్వకు దొరుకుతున్నది.

వయసుతో చూపులో వచ్చే మార్పులన్నీ ఒకటి కావు. వాటిని వేరుచేసి తెలుసుకోవాలి. మొదటిది చత్వారం. నలభై అని అర్థమిచ్చే సంస్కృత పదంనుండి వచ్చిన పేరు. నలభై దాటేసరికి కంటిలోని కటకం బిగుసుకుపోతుంది. దగ్గరి అక్షరాలు ఆనవు. సూదిలో దారం ఎక్కదు. ఇది జబ్బు కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే చాలు. అయితే సంతలో దొరికే జోడు పెట్టుకుని ఊరుకోవద్దు. వైద్యునికి చూపించుకుంటే మిగిలిన జబ్బులు కూడా బయటపడతాయి.

రెండోది శుక్లం. చూపు పొగమంచు కమ్మినట్టు అవుతుంది. ఎదురొచ్చే బండి దీపాలు కళ్ళలో చెదిరిపోతాయి. రంగులు వెలసినట్టు కనబడతాయి. శుక్లం బాగా ముదిరాకే తీయించుకోవాలన్న మాట మన పల్లెల్లో ఇంకా వినబడుతుంది. అది పాతకాలపు మాట. ఇప్పుడు రోజువారీ పనికి అడ్డం వచ్చినప్పుడే తీయించుకోవచ్చు. మరీ ముదరనిస్తే శస్త్రచికిత్స కష్టమవుతుంది.

మూడోది నీటికాసులు. ఇది దొంగలాంటిది. చాలామందికి నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. చూపు అంచులనుండి మెల్లగా తరిగిపోతుంది. తెలిసేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. పోయిన చూపు తిరిగి రాదు. మిగిలిన చూపును చుక్కల మందుతో, అవసరమైతే శస్త్రచికిత్సతో కాపాడుకోవచ్చు. తల్లిదండ్రులకుగాని, అన్నదమ్ములకుగాని ఈ జబ్బు ఉంటే నలభై దాటినవారు కంటి వత్తిడి పరీక్ష చేయించుకోవాలి. ఇచ్చిన చుక్కలమందు బాగానే ఉంది గదా అని మధ్యలో మానకూడదు.

నాలుగోది చక్కెరజబ్బువల్ల కంటి నరాల పొరకు వచ్చే దెబ్బ. చక్కెర ఉన్న ప్రతివారూ చూపు బాగున్నా సరే ఏడాదికొకసారి కంటి లోపలి పొర పరీక్ష చేయించుకోవాలి. ఇవికాక, తిన్నని గీత వంకరగా కనబడినా, మనిషి ముఖం మధ్యలో మచ్చలా కనబడినా, తెర దించినట్టు ఒక్కసారిగా చూపు పోయినా, కన్ను ఎర్రబడి తీవ్రమైన నొప్పితో వాంతులైనా రేపటిదాకా ఆగవద్దు. ఆ రోజే వైద్యునివద్దకు వెళ్ళాలి. కంటిలో ఆకుపసరు, ఆముదం, తేనె వంటివి పోయడం మాత్రం ఎన్నడూ వద్దు.

దూరాభారమని వెనుకాడవలసిన పనిలేదు. ప్రభుత్వ ఆసుపత్రులలో కంటి విభాగాలున్నాయి. దేశవ్యాప్తంగా అంధత్వ నివారణ కార్యక్రమం 1976నుండి నడుస్తున్నది. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్యసంస్థకు విశాఖపట్నంలో కూడా ఆసుపత్రి ఉంది. డబ్బు లేనివారికి ఉచితంగా చికిత్స చేసే ఏర్పాటు అక్కడ ఉంది. పెద్దవారు ఒంటరిగా వెళ్ళలేరు. అసలు అడ్డంకి చాలాసార్లు డబ్బు కాదు, వెంట వెళ్ళే మనిషి లేకపోవడం.

ఈసాకు ఇల్లా, తోబీతు ఇల్లా?

వైద్యం చేయించినా పూర్తి చూపు రానివారు కొందరుంటారు. అప్పుడు కుటుంబం ఏం చేయాలి? పవిత్ర గ్రంథంలో చూపు తగ్గిన ఇద్దరు తండ్రుల ఇళ్ళు మనకు కనబడతాయి.

మొదటిది ఈసాకు ఇల్లు. ముసలితనంలో ఆయన కళ్ళు మసకబారాయి. ఆ మసకను సొంత ఇంటివారే వాడుకున్నారు. చిన్నకొడుకు చేతులకు మేకపిల్లల చర్మం చుట్టుకుని వచ్చి, పెద్దవానికి దక్కవలసిన దీవెన తీసుకుపోయాడు. తండ్రికి గొంతులో అనుమానం వచ్చింది. తడిమి చూశాడు. చేతులు మోసం చేశాయి. దేవుని సంకల్పం ఆ కుటుంబంలో తరువాత నెరవేరినా, ఆ మోసానికి అన్నదమ్ములు ఏళ్ళ తరబడి ఎడబాటుతో వెల చెల్లించారు. మన ఊళ్ళలో చూపు ఆనని తండ్రిచేత ఏమి రాసి ఉందో చదివి వినిపించకుండా కాగితాలమీద వేలిముద్ర వేయించుకునే కొడుకులు లేరా? అది ఈసాకు ఇంటి పాపమే.

రెండోది తోబీతు ఇల్లు. పక్షిరెట్ట కళ్ళలో పడి, తెల్లపొరలు కమ్మి ఆయనకు చూపు పోయింది. భార్య అన్నా నేతపని చేసి ఇల్లు నడిపింది. ఒకనాడు ఆమెకు కూలితోపాటు ఒక మేకపిల్లను కూడా ఇస్తే, అది దొంగసొత్తేమోనని తోబీతు ఆమెను శంకించాడు. భక్తిపరుడే, అయినా చూపు పోయేసరికి అనుమానం, విసుగు వచ్చాయి. ఆమెకూ కోపం వచ్చింది. ఇది మనకు ధైర్యం చెప్పే సంగతి. చూపు తగ్గిన పెద్దాయన ఊరికే చిరాకుపడుతుంటే ఆయన చెడ్డవాడైపోలేదు. తన చుట్టూ జరిగేది తనకు కనబడక భయపడుతున్నాడు. కుమారుడు తోబియా దూరప్రయాణం చేసి, రఫాయేలు దూత చెప్పినట్టు మందు తెచ్చి, తన చేతులతోనే తండ్రి కళ్ళకు పూసి పొరలు ఊడదీశాడు. తోబీతు మొదట చూసింది కొడుకు ముఖాన్నే.

యాకోబు తండ్రి మసకచూపును తనకు లాభంగా మార్చుకున్నాడు. తోబియా తన ప్రయాణాన్ని తండ్రికి చూపుగా మార్చాడు. వెంకటకృష్ణయ్యగారు తమ్ముని చేతిలో ఫిడేలు పెట్టారు. మీ ఇల్లు ఎవరి ఇల్లో మీరే నిర్ణయించుకోవాలి.

ఇంట్లో చేయదగినవి కొన్ని చెబుతాను. ఖర్చు లేనివే. పెద్దవారు కూర్చునే చోట వెలుతురు పెంచండి. దీపం కళ్ళలో పడకుండా వెనుకనుండి భుజంమీదుగా పుస్తకంమీద పడాలి. మెట్ల అంచులకు తెల్ల సున్నం గీత గీయండి. మంచం, కుర్చీ, చెంబు ఉన్నచోటనే ఉంచండి. వారికి చెప్పకుండా జరపవద్దు. గదిలోకి వచ్చినప్పుడు పేరు చెప్పి పలకరించండి. వెళ్ళేటప్పుడు వెళ్తున్నానని చెప్పండి. లేకుంటే ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండిపోతారు. కంచంలో అన్నం ఎటు, కూర ఎటు ఉందో చెప్పండి. నడిపించేటప్పుడు వారి చెయ్యి పట్టుకుని లాగవద్దు. మీ మోచెయ్యి వారికి పట్టుకోనిచ్చి మీరు ఒక అడుగు ముందు నడవండి. ఏ కాగితమైనా మొత్తం చదివి వినిపించకుండా సంతకం అడగవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, వారి చేతినుండి పని లాగేసుకోవద్దు. చింతపండు గింజ తీయడం, చిక్కుడుకాయలు ఒలవడం, పసివాణ్ణి ఊయలలో ఊపడం, మనవళ్ళకు పాతకథలు చెప్పడం, ఇవన్నీ వేళ్ళూ గొంతూ చేసే పనులు. జపమాల కూడా అంతే. పూసలు లెక్కపెట్టడానికి కళ్ళు అక్కరలేదు. సాయంకాలం కుటుంబ ప్రార్థనను నడిపించే బాధ్యత ఇంట్లో చూపు తక్కువైన పెద్దవారికే అప్పగించి చూడండి. పుస్తకం పట్టుకున్న మనవరాలికన్న పుస్తకం అక్కరలేని అవ్వకు ఎన్ని జపాలు, ఎన్ని పాటలు కంఠస్థంగా వచ్చునో మీకే ఆశ్చర్యం కలుగుతుంది. ఆదివారం సువార్త పఠనాన్ని శనివారం రాత్రే ఒకసారి వారికి చదివి వినిపించడం పదో తరగతి చదివే పిల్లవానికి పది నిమిషాల పని.

ఇక పెద్దలతో ఒక మాట. అయ్యా, అమ్మా, చూపు తగ్గడం సిగ్గుపడవలసిన సంగతి కాదు. దాచుకుంటే నష్టం మీకే. కనబడడంలేదని ఇంట్లో నోరు తెరిచి చెప్పండి. ఎవరైనా వెంటబెట్టుకుని తీసుకువెళ్తానంటే వద్దనకండి. సాయం తీసుకోవడం కూడా ఒక వినయమే. మీ పిల్లలకు మీరు ఇచ్చే అవకాశమది. వెంకటస్వామి నాయుడుగారు అన్న చేతినుండి ఫిడేలు అందుకోకపోతే తెలుగు నేలమీద ఆ నాదమే వినబడేది కాదు.

ప్రియ పాఠకులారా, ఈ వారం మీ ఇంట్లోని పెద్దవారి చేతికి ఒక పుస్తకం ఇచ్చి, కిటికీ దగ్గర కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి రెండో కంటితో, తరువాత రెండో కన్ను మూసి మొదటి కంటితో నాలుగు పంక్తులు చదవమనండి. చదవలేకపోతే వచ్చే వారంలోనే వైద్యునివద్దకు బయలుదేరండి. ఇద్దరూ కలిసి వెళ్ళండి.